వరసలో చివరివాడి తాటాకు

నేను ఒక తాటాకును. చెట్టు మీద పుట్టలేదు. బుడితిలో ఒక కంచరి కొలిమి దగ్గర పుట్టాను. బొటనవేలి గోరంత ఇత్తడి రేకు, దాని మీద సుత్తితో కొట్టిన ఈనెలు, వెనక ఒక పిన్ను. అంతే నేను.

నన్ను పెట్టుకున్న కుర్రాడి వల్ల ఒక పసివాడు చచ్చిపోయాడని పార్వతీపురంలో చాలామంది అన్నారు. వాళ్లన్నది తప్పు. ఆ సమయంలో నేను ఆ కుర్రాడి గుండె మీదే ఉన్నాను. అన్నీ చూశాను. ఇత్తడికి నోరు లేదు కాబట్టి ఎవరూ నన్నడగలేదు.

నన్ను చేయించినవాడు గుంపస్వామి. రైల్వేలో గూడ్సు బండి గార్డుగా రిటైరై, జంఝావతి స్కౌట్ దళం పెట్టాడు. దళం బాగానే నడిచింది గానీ ఆయన్ని ఒక బెంగ తినేసేది. పిల్లలు ఒక్కో మెట్టూ ఎక్కుతారు, చివరికి రాష్ట్రపతి పురస్కారం తెచ్చుకుంటారు. ఊరేగింపు, పూలదండ, పేపర్లో ఫొటో. మర్నాటి నుంచి ఆ కుర్రాడు మైదానం వైపు రాడు. పైమెట్టు ఎక్కాక ఇంకేముంది అక్కడ?

"పైకెక్కినోడు కిందకి తిరిగి సూడకపోతే ఎక్కి ఏటి లాభం?" అన్నాడు గుంపస్వామి. అని బుడితి వెళ్లి నన్ను చేయించాడు.

నాకు ఆయన పెట్టిన నియమాలు కొన్నే. రాష్ట్రపతి పురస్కారం వచ్చాక కనీసం మూణ్ణెల్లు దళంలోనే ఉండాలి. కొత్తగా కొన్ని విద్యలు నేర్చుకోవాలి, నేర్చుకున్నవి చిన్నపిల్లలకు నేర్పాలి. తాటాకు కావాలని నోరు తెరిచి అడిగినవాడికి ఇవ్వకూడదు. దళంలో అందరికంటే చిన్నవాడు తన చేత్తో దాన్ని అతని చొక్కాకు గుచ్చాలి. పద్దెనిమిదేళ్లు నిండగానే తిరిగి ఇచ్చెయ్యాలి. అన్నిటికంటే ముఖ్యమైనది ఇంకొకటి ఉంది. దళం ఎక్కడికి నడిచినా తాటాకు ఉన్నవాడు వరసలో చివర నడవాలి.

ఇదేం గౌరవమని మొదట్లో పిల్లలు మొహాలు ముడుచుకున్నారు. గుంపస్వామి వాళ్లను రైలుకట్ట దగ్గరికి తీసుకెళ్లి వెళ్తున్న గూడ్సు చూపించాడు. "ఇంజనుకి అందరూ దణ్ణం పెడతారు. బండి మొత్తం వచ్చిందా, మధ్యలో ఎక్కడైనా తెగిపోయిందా అని సూసుకునీవోడు ఆఖరి పెట్టెలో ఉంటాడు. ఆడికెవరూ సెయ్యూపరు. ఆడు నేకపోతే బండి కదలదు."

చాలామంది గుండెల మీద తిరిగాను నేను. ఒకడు నన్ను చింతపండుతో తోమి తోమి ఈనెలు అరగదీశాడు. ఇంకొకడి తల్లి నన్ను పూజగదిలో పెట్టి కుంకుమ చల్లింది, ఆ ఎరుపు ఇప్పటికీ నా మూలల్లో ఉంది. మరొకడు పెళ్లిచూపులకు పెట్టుకెళ్దామని దాచుకుంటే గుంపస్వామి ఇంటికెళ్లి మరీ లాక్కొచ్చాడు. చివర నడవమని ఇచ్చిన వస్తువును కూడా మనుషులు ముందుపెట్టి చూపించుకుంటారు. మిగతా విషయాల్లో వాళ్లు మంచివాళ్లే.

గుంపస్వామి పోయాడు. దళం సింహాద్రి మాస్టారి చేతికొచ్చింది. హైస్కూల్లో లెక్కలు చెప్పే మనిషి. మెత్తనివాడు. గుడారాలకీ యూనిఫారాలకీ డబ్బులేక అవస్థపడుతుంటే రైసు మిల్లు వరహాలనాయుడు ముందుకొచ్చాడు. అన్నీ కొనిచ్చాడు. దళం కమిటీకి ప్రెసిడెంటయ్యాడు. అప్పట్నుంచి సింహాద్రి మాస్టారు ఏ మాటకైనా ముందు ఆయన మొహం చూసేవాడు.

ఆ రోజుల్లోనే నేను కిరీటి గుండె మీదికొచ్చాను. మజ్జి కిరీటి, పదిహేడేళ్లవాడు, పొడుగ్గా, మాట తక్కువగా ఉండేవాడు. నన్ను పెట్టింది పైడిరాజు. దళంలోకి కొత్తగా వచ్చిన పదకొండేళ్ల పిల్లాడు. మునివేళ్ల మీద లేచినా అందక తిప్పలు పడి, పిన్ను తిన్నగా చర్మంలోకి దింపాడు.

"ఓరి నాయనో! గుండెల్లోకి దింపీసినావేట్రా!"

"మరి ఊడిపోకుండా ఉండాల గదా అన్నియ్యా," అన్నాడు పైడిరాజు ఏమాత్రం సిగ్గుపడకుండా.

అప్పట్నుంచి వాళ్లిద్దరూ వరసలో ముందూ వెనకా. చిన్నవాడు కాబట్టి పైడిరాజు నడకలో వెనకబడేవాడు, వాడి వెనక కిరీటి. పైడిరాజు నోరు ఒక్క క్షణం ఊరుకునేది కాదు. తల్లి సన్యాసమ్మ నాయుడి మిల్లులోనే ధాన్యం తూర్పారబోసేది. తండ్రి లేడు. "మాయమ్మ నాకు నీలం స్కార్ఫు ఉతికి నిప్పులేసిన సెంబుతో ఇస్తరీ సేత్తాది తెలుసా" అని వందసార్లు చెప్పేవాడు. నీళ్లంటే మాత్రం హడలు. దారిలో కొండవాగు, అదే గెడ్డ, దాటాల్సొస్తే కిరీటి బెల్టు పట్టుకుని కళ్లు మూసుకునేవాడు.

ఇక ఆ రోజు సంగతి.

కొండ మీద క్యాంపు ముగించుకుని దిగుతున్నాం. దారిలో గెడ్డ. మామూలప్పుడు మోకాలి లోతు. ఆ ఉదయం పైన కొండల్లో ఎక్కడో వాన పడుతోంది. మా నెత్తిన ఎండే ఉంది. నీళ్లు కాస్త ఎర్రబడ్డాయి, ఎవరూ పట్టించుకోలేదు. అడ్డంగా తాడు కట్టుకుని ఒక్కొక్కరే దాటుతున్నారు.

అవతలి ఒడ్డున వరహాలనాయుడు తెల్లచొక్కాలో నిలబడి ఉన్నాడు. పక్కన ముందే గెడ్డ దాటిన మాస్టారు, ఫొటోల ఢిల్లేశు. ఊళ్లో పెళ్లిళ్లకీ పేపరుకీ ఫొటోలు తీసేది అతనొక్కడే. వెనక గెడ్డ, వరసగా పిల్లలు, ముందు నాయుడు. అలాంటి బొమ్మ కావాలట పేపరుకి.

"మాస్టారూ! అంత పెద్ద బేడ్జీ పెట్టుకున్నోడు తోకలో ఉన్నాడేటి? నా పక్కకి పంపండి," అని కేకేశాడు నాయుడు.

"తాటాకు ఉన్నోడు చివరే రావాలండి బాబూ. దళం పద్ధతి..."

"పద్ధతులు నాకు సెప్తారేటి? ఒక్క ఫొటో. రమ్మనండి."

మాస్టారు ఆయన మొహం చూశాడు. తర్వాత చెయ్యెత్తి కిరీటిని పిలిచాడు.

పైడిరాజు బెల్టు వదల్లేదు. "అన్నియ్యా, నాను ఎనకొక్కణ్ణే ఉండాలా?"

"తాడు గట్టిగా పట్టుకో. నీళ్లలోకి దిగకు. ఇలా ఎల్లి అలా వచ్చీసి నిన్ను తీసుకెల్తాను."

మాట పూర్తికాకుండానే అవతలి నుంచి మళ్లీ కేక. కిరీటి నీళ్లలో పరిగెత్తాడు.

అవతలి ఒడ్డున నాయుడు వాడి భుజం మీద చెయ్యేశాడు. మాస్టారు రెండో పక్క నిలబడి టోపీ సర్దుకున్నాడు. దాటిన పిల్లలు వెనక చేరారు. అందరి వీపులూ గెడ్డ వైపే. అందరి మొహాలూ ఢిల్లేశు వైపే. కిరీటి గుండె మీద ఉన్నాను కాబట్టి నాకూ కనిపించేది అతని మొహం ఒక్కటే.

ఒక కన్ను మూసి, రెండోది కెమెరాకి ఆనించి ఉన్నాడు. ఉన్నట్టుండి ఆ మూసిన కన్ను తెరుచుకుంది. నోరు తెరుచుకుంది. కెమెరా కొంచెం కిందకి దిగింది.

"బాబూ, అటు ఆ గుంటడు..."

"ముందు నొక్కవోయ్! నవ్వి నవ్వి దవడలు లాగేస్తన్నాయి," అన్నాడు నాయుడు పళ్లు బిగించి, నవ్వు చెరగనివ్వకుండా.

ఢిల్లేశు కెమెరా మళ్లీ కంటికెత్తాడు. నొక్కాడు.

ఆ చప్పుడు తర్వాతే వెనక నుంచి నీళ్ల హోరు వినపడింది. పైనుంచి వచ్చిన నీళ్లు ఒక్కసారిగా వచ్చిపడ్డాయి. కిరీటి తిరిగేసరికి పైడిరాజు నిలబడ్డ ఒడ్డు ఖాళీ. తాడు తెగి పాములా కొట్టుకుంటోంది. వాడు కేకేస్తూ దూకాడు. బురదనీళ్లలో వాడి గుండె ఎలా కొట్టుకుందో నాకొక్కదానికే తెలుసు. రాళ్లకి మోకాళ్లు చిట్లాయి. మునిగి లేచి, మునిగి లేచి, చివరికి ఇద్దరు పెద్దపిల్లలు వాణ్ణి జుట్టు పట్టి లాగి ఒడ్డున పడేశారు.

పైడిరాజు మర్నాడు దిగువన చేపలు పట్టేవాళ్లకు దొరికాడు. నీలం స్కార్ఫు చెట్టువేళ్లకు చుట్టుకుని ఉందట.

తర్వాత దళం హాల్లో విచారణ పెట్టారు. కుర్చీలో ప్రెసిడెంటు వరహాలనాయుడే. జనం గుమ్మం దాకా నిండిపోయారు. సన్యాసమ్మ ముందువరసలో నేల మీద కూర్చుంది. ఏడవలేదు.

"గుంపస్వామి గారు పెట్టిన నియమం మనందరికీ తెలుసు," అని మొదలెట్టాడు నాయుడు. గొంతులో బాధ బాగా పలికింది. "తాటాకు ఉన్నోడు చివర ఉండాలి. ఎందుకు? చిన్నపిల్లల ప్రాణాల కోసం. ఇదిగో పేపరు. ఇందులో ముందు నిలబడి నవ్వుతున్నోడు ఎవరు?"

బొమ్మలో కిరీటి నవ్వడం లేదు. అది ఎవరూ చూడలేదు.

"మీరే పిలిచారు గదండి," అన్నాడు కిరీటి.

"నేనా? మాస్టారూ, నేను పిలిచానా?"

సింహాద్రి మాస్టారు నేలకేసి చూశాడు. "ఆ హడావుడిలో... గుర్తు లేదు బాబూ."

"ఢిల్లేశూ, నువ్వూ ఉన్నావు గదా?"

"నాను కెమెరాలో ఉన్నాను బాబూ," అన్నాడు ఢిల్లేశు. దళం పిల్లల్ని ఎవరూ అడగలేదు.

సన్యాసమ్మ లేచింది. కిరీటి దగ్గరికి వచ్చింది. "నా గుంటడు నీ బెల్టు పట్టుకునీవోడు గదరా," అంది. "పొటో కోసం వదిలీసి ఎల్లిపోనావు. పైగా పెద్దోళ్ల మీదకి తోత్తన్నావా?" చెంప మీద కొట్టింది. ఆ దెబ్బకి నేను అదిరాను. కిరీటి చెయ్యి పైకి లేవలేదు. రెండో చెంప కూడా కొడుతుందేమోనని మొహం అలాగే ఉంచాడు.

నాయుడు కుర్చీ దిగి వచ్చి తన చేత్తో నన్ను ఊడదీశాడు. చొక్కాకు రెండు చిల్లులు మిగిలాయి. ఢిల్లేశు దానికీ ఫొటో తీశాడు.

కిరీటి దళం వదిలేశాడు. ఇల్లు కట్టే పనుల్లో కూలీకి చెన్నై పోయాడని విన్నాను. వెళ్లేముందు సన్యాసమ్మ గుమ్మం దాకా వచ్చాడనీ, ఆమె తలుపు వేసుకుందనీ మిల్లులో హమాలీలు చెప్పుకున్నారు. మాస్టారు బదిలీ పెట్టించుకున్నాడు. దళం చెదిరిపోయింది.

నాయుడు నన్ను ఒక అద్దాల పెట్టెలో బిగించి తన ఆఫీసు గోడకు తగిలించాడు. పక్కనే ఆ పేపరు బొమ్మ, పెద్దది చేయించి, చట్రం కట్టించి. సన్యాసమ్మ మీద జాలిపడి తూర్పారబోసే పని మాన్పించి ఆఫీసు ఊడ్చే పని ఇచ్చాడు. ఆ జాలి సంగతి వచ్చిన ప్రతివాడికీ చెప్పేవాడు. కొడుకు చచ్చిన చోటు బొమ్మని ఆమె రోజూ తుడవాలని అతనికి తట్టనే లేదు. క్రూరత్వం కాదది. అసలు ఆలోచన రాలేదు, అంతే. గోడ మీద నుంచి మనుషుల్ని చూస్తుంటే ఎక్కువ నష్టం ఆ రెండో రకం వల్లే జరుగుతోందనిపిస్తుంది.

ఒకరోజు ఢిల్లేశు వచ్చాడు, నాయుడికి జరిగిన కొత్త సన్మానం ఫొటో తగిలించడానికి. నాయుడు ఇంకా రాలేదు. సన్యాసమ్మ అద్దం తుడుస్తోంది.

"బావూ, ఈ బొమ్మ నువ్వు తీసిందే గదా?"

"ఆఁ."

"ఇందులో మా పైడి ఏడి?"

ఢిల్లేశు గోడకు మేకు ఆనించాడు.

"రోజూ తుడుస్తన్నాను. ఈడేమో, ఆడేమో అని ఎతుకుతాను. అందరి గుంటలూ కనపడతన్నారు. మా వోడు దొరకడు. ఆడి పొటో ఒక్కటీ నేదు నా దగ్గర. అప్పటికే ఎల్లిపోనాడా?"

అతను జవాబు చెప్పకుండా తప్పించుకోవచ్చు. తలుపు దగ్గరే ఉంది. కొంతసేపు తలుపు వైపే చూశాడు కూడా.

"నేదమ్మా," అన్నాడు చివరికి. "నాను నొక్కినప్పుడు ఉన్నాడు. బొమ్మలోనే ఉన్నాడు, ఆ చివర. తాడు పట్టుకుని చెయ్యెత్తి పిలుత్తన్నాడు. కాళ్ల కింద నేల జారిపోతంది. అంచు కొయ్యమన్నారు బాబుగారు. కోసీసి పేపరుకిచ్చాను."

సన్యాసమ్మ బొమ్మ అంచు మీద వేలు పెట్టింది.

"సూసేవా నువ్వు?"

"సూసాను."

"మరి ఆ కిరీటి?"

"బాబుగారే పిలిసినారమ్మా. రెండుసార్లు. మాస్టారు వద్దన్నారు, ఈయన ఇనలేదు. నాను సెప్పబోతే ముందు నొక్కమన్నారు."

ఆమె కాసేపు తన కుడి అరచేతిని చూసుకుంది. తిప్పి చూసింది, మళ్లీ తిప్పి చూసింది.

"ఆ గుంటణ్ణి ఈ సేత్తోనే కొట్టాను," అంది.

తర్వాత గుడ్డ పక్కన పెట్టి, ఆ గదిలో ఇన్నాళ్లుగా తుడవడమే తప్ప ఎన్నడూ కూర్చుని ఎరగని పెద్ద కుర్చీ లాక్కుని అందులో కూర్చుంది. నాయుడి కుర్చీ అది.

"మొదట్నుంచీ సెప్పు. ఒక్కటి ఒగ్గకుండా సెప్పు. ఆయనొచ్చాక ఆయన ఎదర ఇంకోపాలి సెప్పాల. ఆ తరవాత స్టేషన్లో సెప్పాల. నీ ఎనకాల నానుంటాను."

ఢిల్లేశు నేల మీద కూలబడ్డాడు. గెడ్డ దగ్గరికి తను ఎన్నింటికి వచ్చాడో అక్కడి నుంచి మొదలుపెట్టాడు. బయట నాయుడి బండి వచ్చి ఆగింది. మెట్ల మీద చెప్పుల చప్పుడు వినిపించింది. అతను ఒక్కసారి తలుపు వైపు చూశాడు, గొంతు మాత్రం తగ్గించలేదు.