పైమట్టి

కళ్ళంలో ధాన్యం తూర్పారబడుతుంటే నిలిచే గింజకంటే ఎగిరిపోయే తాలే ఎక్కువగా ఉంది. చిన్నకోడలు చేట దించి, కాళ్ళ దగ్గర మిగిలిన కుప్ప వైపు చూసింది. నిరుడు ఇదే పైచేలో పండినదాంట్లో సగం కూడా లేదు.

బావగారు గొడుగు ముడవకుండానే వచ్చి, చెప్పుకాలితో కుప్పను కెలికాడు.

"ఇంతేనా? ఏరా, పండించావా, పడుకున్నావా?"

"వానలు సరిగా లేవన్నయ్యా" అని గొణిగాడు తమ్ముడు. వానలు బాగానే కురిశాయి. ఆ సంగతి అక్కడున్న ముగ్గురికీ తెలుసు.

తండ్రి పోయాక రెండు చేలూ పంచుకోలేదు. పెత్తనం అన్నగారిది, చాకిరీ తమ్ముడిది. పెత్తనమంటే పడకకుర్చీలో కూర్చుని ఆవులిస్తూ హుకుములివ్వడం. పోయిన వేసవిలో ఆ మహానుభావుడికి మేడ మీద మేడ కట్టాలనిపించింది. పైచేలో పైమట్టిని ఇటుకబట్టీకి ఇచ్చి, బదులుగా ఇటుకలు తెచ్చుకున్నాడు. "మట్టికేం కరువు, కింద ఇంకా బోలెడుంది" అన్నాడు. ఏళ్ళ తరబడి ఆలుమగలు మోసిన పెంట, కలియదున్నిన ఆకూ అలమూ లారీలెక్కి వెళ్ళిపోయాయి. మిగిలింది పాలిపోయిన గట్టినేల. వాన పడితే నీళ్ళు ఇంకలేదు. ఎండ కాస్తే బీటలిచ్చింది. జానెడు లోతుకైనా వేళ్ళు దిగలేదు. మేడ మాత్రం ఏపుగా పెరిగింది. పిట్టగోడ మీద పసుపురంగు సిమెంటు సింహాలు రెండు పళ్ళికిలించాయి. ఇంటికొచ్చిన ప్రతివాణ్ణీ పైకి తీసుకెళ్ళి వాటిని చూపించి, మెచ్చుకునేదాకా వదిలేవాడు కాదు.

"పక్కోడి చేను అంత బాగా ఎలా పండింది? వాడికేమైనా వేరే వాన పడిందా? సోమరిపోతులు!" అని కసిరాడు బావగారు.

"వాళ్ళ మట్టి వాళ్ళ చేలోనే ఉంది బావగారూ. మన మట్టి మీ ఇంటిమీదుంది" అంది చిన్నకోడలు.

ఆయన మొహం గంటుపెట్టుకుని, "సరేలే, నీతో నాకేంటి మాటలు. ప్రహరీగోడ కట్టాలి. కిందచేను కూడా తవ్విస్తున్నా. అదిగో, తవ్వే బండి వస్తోంది" అన్నాడు.

కిందచేలో మట్టిలో కలియదున్నడానికి చల్లిన జనుము నడుమెత్తు పెరిగి ఉంది.

"అయ్యో, పచ్చిరొట్ట బావగారూ! వచ్చే పంటకి బలం అదే."

"గడ్డేగా!"

ఆమె గట్టు దిగి వెళ్ళి, తవ్వే యంత్రానికి ఎదురుగా జనుములో చతికిలబడింది.

"లేపరా దాన్ని!"

పుట్టి బుద్ధెరిగాక అన్న మాట జవదాటని తమ్ముడు పరుగున వెళ్ళి పెళ్ళాం రెక్క పట్టుకున్నాడు.

"లేవవే. పరువు పోతుంది."

"లేస్తాను. వచ్చే ఏడు ఏం తిందామో చెప్పు."

అతని చెయ్యి జారిపోయింది. తర్వాత, అన్నకు వీపు పెట్టి, ఆమె పక్కనే కూలబడ్డాడు.

యంత్రం నడిపేవాడు విసుగ్గా తల బయట పెట్టాడు. "అయ్యా, తవ్వమంటారా, వద్దంటారా?"

గట్టు మీద గొడుగు కింద పెద్దాయన నోరు తెరుస్తున్నాడు, మూస్తున్నాడు. ఇంజను మోతలో ఒక్క ముక్కా ఎవరికీ వినపడలేదు.