రెండు వంగపండు రంగు జాకెట్లు

గురవమ్మ నాలుగో కాజా కుడుతుండగా దారం ముడిపడింది. పంటితో కొరికి తెంపి, కొసను పెదాల మధ్య తడిపి, సూదిని వెలుతురు వైపు తిప్పి మళ్ళీ ఎక్కించుకుంది. తెల్లవారి గంటయింది. వేటకు పోయిన పడవలు తిరిగొచ్చాయి. ఒడ్డున చేపల బేరాల అరుపులు వసారాలోకి వినిపిస్తున్నాయి. ఆమె మొగుడు చిన్నపోలయ్య కూడా అక్కడే ఉన్నాడు. ఇంకో రెండు కాజాలు కుడితే జాకెట్టు పూర్తవుతుంది. వంగపండు రంగు పట్టుగుడ్డ, చేతుల అంచున సన్నటి జరీ, వెనక గుండ్రంగా తీసిన మెడ, లోపల మెత్తటి లైనింగు. గురవమ్మ తనకోసం తాను కుట్టుకుంటున్న మొదటి మంచి జాకెట్టు అది.

ఆమెకు నలభై ఆరేళ్ళు. సన్నటి మనిషి. ఇరవై ఏడేళ్ళుగా మిషను మీదికి వంగి వంగి మెడ వెనక ఎముక పైకి తేలింది. కుడి చూపుడువేలి కొస సూదిపోట్లతో గరుకెక్కి, పట్టుగుడ్డ మీద పెడితే పోగులు లేస్తాయి. పాలెంలో ఏ ఆడమనిషి కొలత అడిగినా టేపు లేకుండా చెప్పగలదు. ఎవరు కాన్పు తర్వాత ఒళ్ళు చేశారో, ఎవరు దిగులుతో చిక్కిపోయారో అందరికన్నా ముందు ఆమెకే తెలుస్తుంది. అందుకే జాకెట్టు పక్కల లోపల రెండు వేళ్ళ గుడ్డ వదిలి మూడు వరసల కుట్టు వేస్తుంది. ఒళ్ళు వస్తే ఒక వరస విప్పుకోవచ్చు, ఇంకా వస్తే ఇంకొకటి. అలా ఒక్కో జాకెట్టు పదేళ్ళు నడుస్తుంది. తన ఒంటి మీదికి మాత్రం ఎవరి గుడ్డలోనో మిగిలిన ముక్కలే. చీరకు జత కుదిరిందా లేదా అని చూసుకున్న రోజే లేదు. వారం కిందట తలుపు గడియ పెట్టుకుని తన ఒంటికి తానే టేపు చుట్టుకుంటే, వీపు కొలత అందక ముందు నవ్వొచ్చింది. ఆ తర్వాత ఏడుపొచ్చింది.

ఈ హడావిడంతా తోడికోడలు స్వర్ణ కోసం. ఆమె మీద ప్రేమతో అనుకునేరు. అత్త కొట్టినందుకు కాదు, తోడికోడలు నవ్వినందుకు ఏడ్చిందని పెద్దలు ఊరికే అనలేదు. చిన్నపోలయ్య తమ్ముడు పెంచల్ పెళ్ళాం స్వర్ణ. పెంచల్ వల వదిలేసి తడ దగ్గర ఫ్యాక్టరీలో ఉద్యోగానికి చేరి ఆరేళ్ళయింది. కాపురం అక్కడే. స్వర్ణ నవ్వితే బుగ్గలు సొట్టలు పడతాయి. ఆ సొట్టలు చూస్తే గురవమ్మకు మంట. బోరింగు కొట్టే పని తప్పి ఆమె అరచేతులు మెత్తబడ్డాయి. అదీ మంటే. ఆఖరికి స్వర్ణ లావెక్కినా మంటే, తిన్నది ఒంటికి పట్టడానికి కూడా పెట్టిపుట్టాలి కదా!

ఇవన్నీ పైపై మంటలు. పిల్లలు లేని గురవమ్మ ఒళ్ళో ఆరేళ్ళు పెరిగింది స్వర్ణ కూతురు వెన్నెల. ఇప్పుడు ఫోన్లో "పెద్దమ్మా, తిన్నావా" అని రెండు ముక్కలు మాట్లాడి తల్లికిచ్చేస్తుంది. ఆ బాధ గురవమ్మ మొగుడికి కూడా చెప్పుకోలేదు. ఆ వెన్నెలకు ఇవాళ ఓణీల ఫంక్షను. పుట్టిన పాలెంలోనే చెయ్యాలని అందరూ వచ్చి పక్కనున్న వాళ్ళ పాత ఇంట్లో దిగారు.

నెల కిందట స్వర్ణ పాలెం వచ్చినప్పుడు, సంచిలోంచి వంగపండు రంగు పట్టు తీసి ఒళ్ళో పరిచి చూపించింది.

"నీకెందుకులే అక్కా కష్టం. మగ్గం వర్కు చేయించాల, నెల్లూళ్ళో ఇచ్చేస్తుండా" అంది.

స్వర్ణకు సూది పట్టుకోవడం నేర్పింది గురవమ్మ. కాజాలు కుట్టడం నేర్పింది గురవమ్మ. ఇప్పుడు ఆ చెయ్యి ఈ గుడ్డకు చాలకుండా పోయింది. "అట్నే కానీ" అని నవ్వి పంపించేసి, మరునాడే బస్సెక్కి నెల్లూరు పోయింది. స్వర్ణ చెప్పిన అంగడే వెతుక్కుని, అదే తానులోంచి గుడ్డ కోయించుకుని వచ్చింది. ఇద్దరూ పక్కపక్కన నిలబడాలి. ఒకే గుడ్డ, ఒకే రంగు. ఎవరి కుట్టు ఎలా ఉందో నలుగురూ కళ్ళారా చూడాలి. తన ఒంటి మీది పని చూసి ఒక్కరైనా "ఇది ఎవురు కుట్టినారు" అని అడగాలి. అంతకు మించి ఆమెకు ఏమీ అక్కర్లేదు.

ఆరో కాజాకు ముడి వేస్తుండగా గేటు చప్పుడైంది. "అక్కా!" అని స్వర్ణ గొంతు. గురవమ్మ జాకెట్టును చటుక్కున ఇస్త్రీ దుప్పటి కిందికి తోసేసింది.

స్వర్ణ నైటీ మీద తువ్వాలు కప్పుకుని, తడితల విరబోసుకుని వచ్చింది. చేతిలో నెల్లూరు జాకెట్టు.

"పట్టలా అక్కా. చేతులు దూరినాయి గానీ ముందర హుక్కులు అందలా. నిన్న సాయంత్రం బస్సులో పంపించినారు. తొడిగి చూసుకునే తీరికే దొరకలా."

గురవమ్మ అందుకుంది. బరువుగా ఉంది. చేతుల నిండా బంగారు తీగెతో లతలు, మధ్య మధ్య సన్నటి ముత్యాలు. బాగుంది. బాగుందని ఒప్పుకోవడానికి ఆమె ప్రాణం ఒప్పలేదు. తిరగేసి లోపల చూసింది. ఒకే ఒక వరస కుట్టు. దాని పక్కనే గుడ్డ కత్తిరించి, అంచు మిషనుతో కట్టేశారు. విప్పడానికి వేలెడు గుడ్డ లేదు. గురవమ్మ లోపల పండగ మొదలైంది.

"లోపల ఏం వదల్లా. ఏం విప్పేది?"

"చంకల కింద ముక్కలు వేస్తే? నువ్వు రమణయ్య పెళ్ళానికి అట్నే వేసినావు గదా."

"వెయ్యొచ్చు. ఇదే గుడ్డ కావాల. వేరేది వేస్తే చెయ్యెత్తినప్పుడు నగుబాటు."

"నీ కాడ ఏవన్నా ముక్క ఉందా అక్కా? జానెడున్నా చాలు."

మిషనుకు వేలాడదీసిన గుడ్డసంచిలో, చెయ్యి చాపితే అందేంత దూరంలో, వంగపండు రంగు ముక్కలు నాలుగున్నాయి. జానెడు కన్నా పెద్దవే. ముక్కలు వేసి కుట్టడం అరగంట పని.

"లేదు. ఈ రంగు మన పాలెంలో యాడుంటాది?" అంది గురవమ్మ.

స్వర్ణ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. తువ్వాలు కొసతో తుడుచుకుంది. "పోనీలే. పిల్లది బాగుంటే చాలు గదా, నన్నెవరు చూస్తారు" అని జాకెట్టు మడిచి పట్టుకుని వెళ్ళిపోయింది.

ఆమె గేటు దాటిందో లేదో గురవమ్మకు అసలు సంగతి తట్టింది. దుప్పటి కిందిది తొడుక్కుని పోతే స్వర్ణ చూస్తుంది. గుడ్డ ఉండి కూడా లేదన్నానని తెలిసిపోతుంది. తొడుక్కోకపోతే నెల రోజుల కోరిక పెట్టెలో పడి ఉంటుంది. వెనక్కి పిలిచి "ఉందిలే, రా" అనడానికి ఇంకా వేళ ఉంది. స్వర్ణ ఇంకా వీధిలోనే ఉంది. తడిసిన జుట్టు నైటీ వెనక భాగాన్ని తడుపుతోంది. గురవమ్మ నోరు తెరిచింది, మూసుకుంది. చూస్తే చూడనీ అనుకుంది. స్నానం చేసి, ఉన్నవాటిలో మంచి చీర కట్టి, వంగపండు రంగు జాకెట్టు తొడిగింది. ఎక్కడా ముడత పడలేదు. ఒక్క హుక్కు మొరాయించలేదు.

షామియానా కింద ఆడవాళ్ళు ఆమె కోసం జరిగి చోటిచ్చారు. ముత్యాలయ్య భార్య వీపు మీద చెయ్యి వేసి తడిమింది. "మేయ్ గురవా, ఎవురు కుట్టినారు దీన్ని?" అని అడిగింది. ఎన్నాళ్ళుగానో వినాలనుకున్న మాట అది. గురవమ్మ జవాబు చెప్పబోయింది. అంతలో స్వర్ణ ఇటు తిరిగింది.

స్వర్ణ కొత్త పట్టుచీర మీద పాత ఆకుపచ్చ జాకెట్టు తొడుక్కుంది. వెన్నెల కడుపులో ఉండగా గురవమ్మే కుట్టిన జాకెట్టు అది. పక్కల మూడు వరసల్లో రెండు విప్పేసి ఉన్నాయి, విప్పిన చోట సూది బెజ్జాలు తెల్లగా కనిపిస్తున్నాయి. చీరకు జత కుదరలేదు. ఒంటికి మాత్రం సరిగ్గా సరిపోయింది. ఆమె చూపు గురవమ్మ చేతి మీద, జరీ అంచు మీద, మళ్ళీ చేతి మీద ఆగింది. ముఖం పాలిపోయింది. రెప్పపాటే. ఆ వెంటనే సొట్టలు పడేలా నవ్వింది.

"మా అక్కే కుట్టుకునింది. వీపు కాడ ఒక్క ముడతన్నా ఉందేమో చూడండి. నాకు కుట్టు నేర్పింది కూడా ఆమే" అంది అందరికీ వినపడేలా.

తిట్టినా బాగుండేదనిపించింది గురవమ్మకు. ఆ తర్వాత ఎంతోమంది మెచ్చుకున్నారు. వెన్నెల ఆమెను తన పక్కన నిలబెట్టుకుని ఫొటో తీయించుకుంది, "పెద్దమ్మా, హీరోయిన్ మాదిరి ఉండావు" అని బుగ్గ పుణికింది. గురవమ్మ నవ్వింది. సిగ్గుతో లోపలంతా కాలుతోంది. అక్షింతలు వెయ్యడానికి కూడా చెయ్యి పూర్తిగా ఎత్తలేదు.

సాయంత్రం నాలుగింటికి వాన్ వచ్చింది. పెంచల్‌కు మరునాడు పొద్దున్నే డ్యూటీ. వచ్చినవాళ్ళకు తాంబూలాలు ముందిచ్చారు, ఇంటోళ్ళకు చివరికి. అందరూ వాన్ ఎక్కుతుంటే స్వర్ణ తట్ట పట్టుకుని గురవమ్మ వసారాకు వచ్చింది. పసుపు, కుంకుమ, రెండు అరటిపళ్ళు, తమలపాకులు, వాటి మీద మడత పెట్టిన జాకెట్టు గుడ్డ. వంగపండు రంగు పట్టు.

"ఆ రోజే నీక్కూడా అదే గుడ్డ తీసినా అక్కా. తాంబూలంలో పెడదామని" అంది స్వర్ణ.

గురవమ్మ తట్ట అందుకోలేదు. "పొద్దున ఇది నీ కాడే ఉందా?"

"ఉండింది."

"మరి దీంట్లో కోసి తేవచ్చు గదా?"

"మూలలకి పసుపు పెట్టి నీ పేరున తట్టలో పెట్టేసినాం గదా. నీకని పెట్టినాక ఎట్ట కోసేది?" అంది స్వర్ణ. ఎత్తిపొడుపు లేదు, మామూలుగానే అంది.

"స్వర్ణా, నేను పొద్దున..."

"పోనీలే అక్కా. ఇంకోటి కుట్టుకో. ఈసారి నెల్లూరికి పోబళ్ళేదు."

నవ్వింది. తట్ట గురవమ్మ చేతుల్లో పెట్టి, కుంకుమ బొట్టు పెట్టి, వంగి కాళ్ళకు దణ్ణం పెట్టింది. వాన్ హారన్ మోగింది. వెన్నెల కిటికీలోంచి చెయ్యి ఊపింది. గురవమ్మ చేతుల్లో తట్ట ఉండి తిరిగి ఊపలేకపోయింది. ఈ మంచితనం కూడా దానికే రాసిపెట్టాడే దేవుడు అనుకుంది, ఆ మాటకే మళ్ళీ కడుపు మండింది, మంటతోపాటు ఏడుపూ వచ్చింది. వాన్ కోట రోడ్డు ఎక్కి మలుపు తిరిగింది. కొంతసేపటికి దాని చప్పుడు కూడా లేదు.

ఆమె లోపలికి వచ్చి ఆకులు, పళ్ళు తీసి పక్కన పెట్టింది. కత్తెర తీసి సొరుగులో వేసి మూసింది. మిషను బల్ల మీద జాకెట్టు గుడ్డ మడత విప్పకుండా ఉంది, మూలల్లో ఆరిన పసుపుతో.