ఒక్క ఇంటికి రెండెందుకు

నేను ఒక ట్యాబ్‌ను. పలకంత ఉంటాను. ఫోను కన్నా పెద్దదాన్ని, ల్యాప్‌టాప్ కన్నా చిన్నదాన్ని. నా కష్టాలన్నిటికీ ఈ నడిమి బతుకే మూలం. ఫోను లేకపోతే మనుషులకు పొద్దు గడవదు. ల్యాప్‌టాప్ ఉంటే నలుగురిలో గౌరవం. నన్ను చూస్తే మాత్రం ప్రతివాళ్లూ "ఇది దేనికి?" అంటారు. అడిగినవాళ్లకు నా అంతట నేను జవాబు చెప్పుకోలేను. ఎవరో ఒకరు నొక్కితే తప్ప నాకు నోరు లేదు.

పుట్టిన ఊరేదంటే సరిగ్గా చెప్పలేను. మూతికి గుడ్డలు కట్టుకున్న ఆడపిల్లలు వరసగా కూర్చుని నా లోపల ఏవేవో పేర్చారు, పైన అద్దం తొడిగారు, తుడిచి అట్టపెట్టెలో పడుకోబెట్టారు. వాళ్ల ముఖాలు నేను చూడలేదు. కళ్లు మాత్రం చూశాను. నిద్ర చాలని కళ్లు.

మొదట నన్ను కొన్నది కరీంనగర్‌లో ఒక రిటైరైన హెడ్‌మాస్టరు. పేపరు చదువుకోవడానికని కొన్నాడు. పొద్దున్నే చాయ్ తాగి, వేలు నాలుకతో తడి చేసుకుని, నా అద్దం మీద పేజీ తిప్పేవాడు. తడివేలికి నేను సరిగా పలక్కపోతే నన్ను మొండిదాన్ని అనేవాడు. ఒకరోజు ఆయన భార్య, "పేపరైతే చదివినంక అల్మారల పరుచుకుంటం. దీన్నేం జేసుకోవాలె?" అని అడిగింది. జీవితమంతా పిల్లలను ప్రశ్నలడిగిన మనిషి ఆ ప్రశ్న వినగానే నన్ను బల్ల మీద బోర్లించాడు. నెల తిరక్కుండా ఇంటికి మళ్లీ పేపరు వచ్చింది. నన్ను అల్లుడు పట్టుకుపోయాడు. ఆ అల్లుడేమో తన కొడుకు పుట్టువెంట్రుకలకు ఫొటోలు తీసిన సంపత్‌కు ఇచ్చేశాడు.

సంపత్‌ది మెట్‌పల్లి. పెళ్లి ఫొటోలు తీస్తాడు, ఆల్బములు తయారుచేస్తాడు. తీసిన ఫొటోలు పెళ్లివాళ్లకు చూపించి ఏది ఉంచాలో ఏది తీసెయ్యాలో తేల్చుకోవడానికి నన్ను పెట్టుకున్నాడు. ఎన్ని పెళ్లిళ్లు చూశానో లెక్కలేదు. పెళ్లికూతురు వెయ్యి ఫొటోల్లోనూ తన ముఖమే చూసుకునేది. పెళ్లికొడుకు మేనమామ తన ముఖం ఎక్కడా రాలేదని అలిగేవాడు. తాళి ఎవరు కట్టారో ఎవరికి కట్టారో ఎవరూ చూసేవాళ్లు కాదు.

నేను చెప్పాలనుకున్నది వీళ్ల గురించి కాదు. సంపత్ భార్య నవనీత గురించి, వాళ్ల బిడ్డ జాను గురించి.

నవనీత తొమ్మిదో తరగతిలో ఉండగా వాళ్లమ్మ మంచాన పడింది. ఆ పిల్ల పుస్తకాలు పక్కన పెట్టి బీడీల చాట ఒళ్లో పెట్టుకుంది. అమ్మ మంచం దిగింది గానీ చాట ఒడి దిగలేదు. పెళ్లయింది, జాను పుట్టింది. జానుకు నాలుగేళ్లు దాటినా మాట రాలేదు. చెవులు బాగున్నాయి. పిలిస్తే చూస్తుంది. నవ్వుతుంది, అలుగుతుంది. నోట్లోంచి మాత్రం ఒక్క మాట రాదు. అత్త రాజవ్వ వస కొమ్ము అరగదీసి తేనెలో రంగరించి మనవరాలి నాలుకకు రాసింది. వస పోసిన పిల్లలు వాగుతూనే ఉంటారంటారు కదా. జాను ఆ ఘాటుకు ముఖం ముడుచుకుని, అదీ చెప్పుకోలేక, అవ్వ కొంగుకే నాలుక తుడుచుకుంది.

చివరికి జగిత్యాలలో మాటలు నేర్పే మేడం ఒకామె ఒక ఉపాయం చెప్పింది. తెర మీద గడులు, గడికో బొమ్మ. బొమ్మను వేలితో నొక్కితే మాట పలుకుతుంది. సంపత్ ఆ గడులన్నీ నాలో పెట్టాడు. మొదట అందులో ఉన్న యంత్రం గొంతు తెలుగు పలికితే జాను జడుసుకుంది. అందుకని నవనీతే గొంతు ఇచ్చింది. వంటింటి తలుపు దగ్గరగా వేసుకుని, నన్ను డబ్బాకు ఆనించి, ఒక్కో మాట చెప్పింది. నీళ్లు. బువ్వ. ఆకలైతుంది. నొస్తుంది. వద్దు. "ఆకలైతుంది" అనేటప్పుడు కుక్కర్ కూత వేసింది. అది కూడా నాలో ఉండిపోయింది. తన మాట తనకే తిరిగి వినిపిస్తే చెంగుతో మూతి కప్పుకుని, "అవ్వో, నా గొంతు గిట్లుంటదా!" అంది.

జాను మొదట నొక్కిన గడి నీళ్లు. నేను "నీళ్లు" అన్నాను. నవనీత చేతిలో తునికాకు పారేసి గ్లాసు తెచ్చింది. జాను మళ్లీ నొక్కింది. మళ్లీ తెచ్చింది. ఇంట్లో ఉన్న గ్లాసులన్నీ ఆ పిల్ల చుట్టూ చేరేదాకా నొక్కుతూనే ఉంది. ఒక్కటీ తాగలేదు. ఊరికే పిలిచి చూసింది. మాట అంటే మనిషి కదిలి వస్తాడని ఆ పిల్లకు ఆరోజే తెలిసింది. నవనీత ఆ గ్లాసుల మధ్య కూర్చుని నవ్వింది. నవ్వుతూనే ఏడ్చింది.

రాజవ్వకు మాత్రం నేను గిట్టలేదు. "పెట్టె మాట్లాడుతుంటె పొల్లెందుకు మాట్లాడుతది? అన్నం కలిపి వెట్టేటోళ్లుంటె ఎవలన్న చెయ్యి కడుక్కుంటరా?" అనేది. నవనీతకు ఆ మాట ముల్లులా గుచ్చుకునేది. మేడంను అడిగితే, అలా ఏమీ కాదు, ఇది ఉంటేనే మాట మీద ఆశ పుడుతుందని చెప్పింది. కానీ బస్సు దిగి ఇంటికొచ్చేసరికి మేడం మాట చిన్నదైపోయేది, అత్త మాట పెద్దదైపోయేది. ఒక్కోసారి నవనీత బీడీ చుడుతూ చుడుతూ ఆగి, నా వైపు అనుమానంగా చూసేది. నా బిడ్డ నోరు నువ్వే మింగుతున్నావా అన్నట్టు. నేనేం చెప్పగలను?

ఇంతలో పెళ్లిళ్ల కాలం వచ్చింది. సంపత్ ఆల్బములు చేయడానికి ఇంకొకరి స్టూడియోలో వాళ్లకు తీరికైనప్పుడు కూర్చునేవాడు. పని ఆలస్యమైతే పెళ్లివాళ్లు ఇంకో ఫొటోగ్రాఫర్‌ను వెతుక్కునేవాళ్లు. ల్యాప్‌టాప్ లేనిదే ఇక నడవదు. అది నిజమే, నేను కాదనను. కోరుట్లలో గంగాధర్ అనే ఆయన షాపులో పాత ట్యాబ్ ఇచ్చి, పైన కొంత డబ్బు కట్టి ల్యాప్‌టాప్ తీసుకునే వీలుందట.

"ఒక్క ఇంటికి రెండెందుకే?" అన్నాడు సంపత్. "ట్యాబ్ చేసేదంత ల్యాప్‌టాప్ చేస్తది. ల్యాప్‌టాప్ చేసేది ట్యాబ్ చేస్తదా?"

"మరి జానుకు?" అంది నవనీత.

"జాను కోసమే చెప్తున్న. బొమ్మలు, నీ గొంతు అన్ని దాంట్లకు ఎక్కిస్త. ఇంక పెద్దగ కనవడతయి."

"ఒక్క పెట్టెకు రెండు పనులా? ఒక్క పొయ్యి మీద రెండు కుండలు వెడితె రెండూ ఉడకయి," అంది రాజవ్వ, తమలపాకుకు సున్నం రాస్తూ.

నవనీతకు ఏదో అడగాలనిపించింది. ఏమడగాలో తెలియలేదు. కంప్యూటర్ మీద పనిచేసే మనిషితో తను ఏం వాదిస్తుంది? "నీకు తెల్వంది ఏమున్నది," అని మాత్రం అంది. అతనికి అది ఒప్పుకోలులాగే వినపడింది.

సంపత్ చెడ్డవాడు కాదు. ల్యాప్‌టాప్ ఇంటికి తెచ్చి, నన్ను అప్పజెప్పడానికి రెండు రోజులు గడువు అడిగి, ఆ రెండు రోజులూ బిడ్డ మాటలను ఒక ఆల్బమ్‌లా చేశాడు. అతనికి వచ్చిన పని అదే కదా! పేజీ చుట్టూ బంతిపూల అంచు. పేజీకి రెండే బొమ్మలు. నాలో ఇరుకుగా సర్దుకున్న గ్లాసు, పళ్లెం, చెప్పులు అందులో పెళ్లికూతుళ్లలా వెలిగిపోయాయి. మౌస్‌తో బాణాన్ని పళ్లెం మీదికి జరిపి నొక్కాడు. "బువ్వ" అంది ల్యాప్‌టాప్, నవనీత గొంతుతో.

"ఓ నీ యవ్వ! అచ్చం మన నవనీతే!" అంది రాజవ్వ.

అదే సమయానికి జాను నన్ను ఒళ్లో పెట్టుకుని "వద్దు" నొక్కింది. "వద్దు, వద్దు, వద్దు" అన్నాను నేను.

"సూడు, బువ్వ వద్దంటున్నది," అన్నాడు సంపత్. అందరూ నవ్వారు. నవనీత కూడా నవ్వింది.

ఒక్కసారి ఆ పిల్ల వేలు పట్టుకుని ఆ కొత్త తెర మీద ఆనించి చూసినవాళ్లు లేరు. అద్దం అద్దమే అనుకున్నారు. నేను దాని పక్కన రెండు రోజులు ఉన్నాను కాబట్టి నాకు తెలుసు. దాని ముఖం మీద ఈగ నడిచినా దానికి తెలియదు. మంచిదే, పనిమంతురాలే. కానీ దాని తెరకు వేలి స్పర్శ తెలియదు. ఈ సంగతి చెప్పడానికి నాలో ఏ గడీ లేదు.

గంగాధర్ నన్ను తీసుకుని, లోపల ఉన్నదంతా తుడిచేశాడు. అది వాళ్ల పద్ధతి. నవనీత గొంతు, కుక్కర్ కూత, అన్నీ ఒక్క చిటికెలో పోయాయి. మరి ఇదంతా ఎలా గుర్తుందంటారేమో. బిందెను ఎంత తోమినా సొట్టలు పోతాయా?

కొన్నాళ్లకు ఒక మధ్యాహ్నం నవనీత జానును చంకనేసుకుని షాపుకొచ్చింది. చెమటతో జాకెట్టు వీపుకు అంటుకుపోయి ఉంది.

"అన్నా, మా ట్యాబ్ ఉన్నదా, అమ్మినవా?"

గంగాధర్ నన్ను తీసి బల్ల మీద పెట్టాడు. "ఉన్నది చెల్లె. ఏమాయె?"

"ఏం గావాలె అన్నా! పొల్ల ఆ ల్యాప్‌టాప్ మీద నొక్కుతది, నొక్కుతది, అది పలుకది. బాణం, మౌస్ దానికి సమజ్ కాదు. వేలు ఎర్రగయ్యేదాంక నొక్కి ఆఖరికి గుద్దింది. పగులుతదని ఆయన ఒక్కటేసిండు. ఇగ పెండ్లి ఉన్ననాడు ఆయన దాన్ని ఎత్తుకపోతడు. పెండ్లి ఎవలిదో, నోరు పొయ్యేది మా పిల్లది."

"అది టచ్ లేని ల్యాప్‌టాప్ గద! అడిగితె చెప్పకపోదునా?"

"ఎవలడగాలె? ఆయన అడుగుతడనుకున్న నేను. నువ్వు చెప్తవనుకున్నడు ఆయన."

గంగాధర్ నాలుక కరుచుకున్నాడు. రెండెందుకని ఇదే బల్ల దగ్గర సంపత్‌తో ముందుగా అన్నది ఆయనే. సంపత్‌కు ఫోను కలిపి, స్పీకర్ పెట్టి, నవనీత వచ్చిందని చెప్పాడు. అవతల బ్యాండు మోత.

"తలంబ్రాలు నడుస్తున్నయన్నా! ఏంది? నవనీత వచ్చిందా? మౌస్ నేర్పుత అన్న గద పొల్లకు! మళ్ల రెండెందుకు, నువ్వే చెప్పితివి గదనే!"

"సంపత్, ఒక్కసారి ఇను..."

"ఇంటికొచ్చినంక సూద్దం అన్నా, ఇప్పుడు కాదు." ఫోను ఆగిపోయింది.

"మనిషి ఒప్పుకోకుంట నేను తిరిగి ఇస్తె రేపు నా మీదికి వస్తడు చెల్లె," అన్నాడు గంగాధర్. "రేపటిదాంక ఎవలకియ్య. ఆయన్ను తోలుకొని రా."

నవనీత తలూపింది. అతను రేపు కూడా పెళ్లిలోనే ఉంటాడని ఆమెకు తెలుసు. మళ్లీ నన్ను తీసుకున్నా తన గొంతు ఇప్పుడు ఇందులో లేదని, ఉన్న గొంతేమో ఆ ల్యాప్‌టాప్‌లో బ్యాండు మోతల మధ్య ఊరేగుతోందని ఆమెకు ఇంకా తెలియదు.

గంగాధర్ ఆమె ముఖం చూడలేక జాను వైపు తిరిగాడు. చిన్నపిల్ల కనబడితే ఎవరైనా అడిగేదే అడిగాడు. "నీ పేరేంది బిడ్డా?"

జాను తల్లి చంకలోంచి వంగి నన్ను రెండు చేతులతో లాక్కుంది. నా తెర అంతా తెల్లగా ఉంది, ఏ భాష కావాలో ఎంచుకోమని అడుగుతూ. ఆ పిల్ల దాన్ని చూడనే లేదు. వేలు సరిగ్గా కింది వరసలో చివరి మూలకు వెళ్లింది. అక్కడ ఆనించి నొక్కింది. తల ఎత్తి గంగాధర్ ముఖంలోకి చూసింది. మళ్లీ నొక్కింది. ఈసారి గట్టిగా.

"ఏమైంది తల్లీ? నీళ్లు గావాల్నా?" అంది నవనీత. "బువ్వనా? ఆకలైతుందా? నొస్తుందా బిడ్డా, ఏడ నొస్తుంది?"

వంటింట్లో తలుపు వేసుకుని నాకు చెప్పిన మాటలన్నీ ఒక్కొక్కటిగా చెప్పుకొచ్చింది, అదే గొంతుతో. జాను ఒక్కదానికీ తల ఊపలేదు. మూల దగ్గర వేలు అలాగే పెట్టుకుని ఉంది.

ఆ మూల గడి నాకు తెలుసు. అక్కడ జాను ఫొటో ఉండేది. నొక్కితే, "నా పేరు జాను" అని నవనీత గొంతు పలికేది. పిల్ల అడిగినదానికి జవాబు చెబుతోంది. ఒకసారి కాదు, రెండుసార్లు చెప్పింది. అంత దగ్గరగా, అంత సరిగ్గా, నా ముఖం మీదే చెప్పింది. నేను ఆ వేలి వెచ్చదనం కింద తెల్లగా వెలుగుతూ ఉండిపోయాను.

"మొత్తానికే మాటలు రావా పొల్లకు?" అని గంగాధర్ మెల్లగా అడిగాడు.

నవనీత ఆ వేలును నా మీద నుంచి తీసి తన పిడికిట్లో పెట్టుకుంది.

"రావన్నా," అంది.