గోధుమ తగలని పెనం

శుభవార్త వచ్చేసరికి మా ఆయన ఫియక్రా మంచం మీద బోర్లా పడుకుని, ఐర్లండ్‌కు తిరిగి వెళ్ళే ఓడలో చోటుందేమోనని ఫోనులో వెతుకుతున్నాడు. మా పెళ్ళై ఇంకా వారం కాలేదు.

"దొరికింది," అంది గుమ్మంలోంచి సోలెన్ గారు. ఫ్రాన్సులోని బ్రిటనీలో మేం దిగింది ఆవిడ ఇంట్లోనే. "మా మరదలు నోల్వెన్ అట్ల హోటల్. వాళ్ళమ్మాయికీ నీ జబ్బే అని తేలాక గోధుమ పిండి గడప దాటనివ్వడం లేదు. అన్నీ బక్‌వీట్ అట్లే, పేరులో వీట్ ఉన్నా అది గోధుమ కాదు. పదండి."

ఫియక్రాకు గోధుమ పడదు. పడదంటే తుమ్ములూ దద్దుర్లూ కాదు, రొట్టె నలుసు లోపలికి పోతే చాలు, స్నానాల గదిలోనే కాపురం. మా హనీమూన్ మొదటి రాత్రి అలాగే గడిచింది. నిశ్చింతగా తినండన్న హోటల్ పెద్దమనిషి చేపల పులుసు చిక్కబడడానికి ఏం కలిపాడో అడగడానికి మాకు ఓపిక లేకపోయింది. ఆనాటి నుంచి మా ఆయన ఇంటి నుంచి తెచ్చుకున్న పేలాల బిళ్ళలు నములుతూ, నేను తినేదాన్ని చూస్తూ కూర్చుంటున్నాడు. ఒక్క పూటైనా ఎవరో వండింది అతను నా ఎదురుగా భయం లేకుండా తినాలి. నాకు కావలసింది అంతే.

"ఇదే ఆఖరుసారి ఓర్లా," అన్నాడు. "తేడా వస్తే రేపే ఓడెక్కేద్దాం."

"ఎక్కుదాంలే. ముందు చొక్కా వేసుకో."

హోటల్లో అతను వంట గురించి తన ప్రశ్నలు మొదలుపెట్టబోయాడు. నోల్వెన్ గారు చెయ్యెత్తి ఆపింది.

"పెనం నాదే, గరిటె నాదే, వెన్న కొత్త దిమ్మ నుంచి ఇప్పుడే కోశాను. ఇంకేం కావాలి నాయనా, నా జాతకమా?"

అతను ప్రశ్నలు మింగేసి తినడం మొదలుపెట్టాడు. అంచులు కరకరలాడే అట్టు, మధ్యలో గుడ్డు, చీజు. రెండోది అడిగాడు. మూడోది అడక్కుండానే వచ్చింది. గడ్డానికి గుడ్డు సొన అంటింది. అంత అందమైన గడ్డం భూమ్మీద ఇంకెవరికీ లేదనిపించి, బల్ల మీదుగా వంగి ముద్దు పెట్టబోయాను.

మధ్యలోకి గరిటె వచ్చింది.

"ఆగమ్మాయ్. ఆ మెడగుడ్డ మీద నలుసులేమిటి?"

"క్రొవాసాన్ రొట్టె," అన్నాను. "దారిలో ఆకలేస్తేనూ."

నేను గోధుమ తింటే పళ్ళు తోముకోనిదే ముద్దు లేదన్నది మా నియమం. సంతోషంలో ఇద్దరమూ మరిచిపోయాం.

"చూశావా నాయనా," అంది నోల్వెన్ గారు. "నా వంటింట్లో ఎంత వెతికినా దొరకని గోధుమ మీ ఆవిడ మూతి మీదుంది."

పక్క బల్ల ముసలాయన నవ్వు ఆపుకోలేక దగ్గాడు. అన్నం పెట్టే ఏ మనిషినీ నమ్మలేక ఇన్ని రోజులూ ఇద్దరమూ అందరినీ నిలదీశాం. తీరా అనుమానితురాలిని నేనే. తల వంచుకుని మూతి కడుక్కోవడానికి వెళ్ళాను.

సాయంత్రం దాకా సముద్రపు ఒడ్డున కూర్చుని అతని కడుపు వంకే చూశాం. అది కిక్కురుమనలేదు. చీకటి పడబోతుండగా అతను ఫోను తీశాడు. ఓడ కోసమేమోనని తొంగి చూశాను. కాదు, నోల్వెన్ గారికి చేశాడు. చాలాసేపు నవ్వుతూ మాట్లాడి పెట్టేశాడు.

"రేపు ఓడా లేదు, ఏమీ లేదు," అన్నాడు. "పొద్దున్నే వెళుతున్నాం. నాకు అట్టు తిప్పడం నేర్పుతుందట. నువ్వు మాత్రం బయటి బల్ల దగ్గర కూర్చోవాలట."