పన్నెండో దీక్ష

"తప్పులేమన్నా ఉంటే చూసి సంతకం పెట్టేయండి వదినా. పెయింటరు పొద్దుట్నుంచీ నిచ్చెనెక్కి కూర్చున్నాడు" అంటూ కార్యదర్శి, ఆమె మడతపెడుతున్న దుప్పటి మీదే కాగితాలు పెట్టాడు.

ఆమె దుప్పటి కొసలు వదల్లేదు. కాగితాలు జారి కిందపడితే ఆయనే వంగి ఏరుకున్నాడు.

ఆదివారం స్మారక మందిరం తెరుస్తున్నారు. మందిరమంటే ఎక్కడో కాదు, ఈ ఇల్లే. పోయేముందు భర్త ఇంటిని తను నడిపిన సంఘానికి రాసిచ్చాడు. ఆ సంగతి ఆమెతో చెప్పలేదు. సంఘం సమావేశంలో చెప్పాడు. చప్పట్లు వంటింట్లోకి వినబడితే, ఎవరో బాగా మాట్లాడారు కాబోలు అనుకుంది. ముందు మూడు గదులూ మందిరం, వెనక గదీ వంటిల్లూ ఆమెకి. "మీరున్నంతకాలం ఇది మీ ఇల్లే వదినా" అని కార్యదర్శి నెలకోసారైనా అంటాడు. నిజంగా తన ఇల్లే అయితే నెలనెలా ఎవరూ వచ్చి చెప్పక్కర్లేదు గదా అని ఆమె అనుకుంటుంది, పైకి అనదు.

ముందు గది గోడ మీద భర్త చేసిన నిరాహారదీక్షల పట్టిక రాయిస్తున్నారు. మొదటి దీక్ష నుంచీ కళ్ళారా చూసినవాళ్ళలో మిగిలింది ఆమె ఒక్కతే కాబట్టి కింద ఆమె సంతకం కావాలి. ఆ సంతకాన్ని కూడా పెద్దది చేసి గోడకెక్కిస్తారట.

ఆమె కళ్ళజోడు పెట్టుకుని చదివింది. వరస సంఖ్య, తేదీ, ఎన్ని రోజులు, ఎక్కడ, డిమాండు, ఫలితం, నిమ్మరసం ఇచ్చి విరమింపజేసినవారు. మొత్తం పదకొండు. ఆసుపత్రి ముందు తలుపు కోసం తొమ్మిది రోజులు. బస్సుల్లో ముందు సీట్ల కోసం పదమూడు. గ్రంథాలయం కోసం ఆరు. ఏ ఆఫీసుకి వెళ్ళినా, ఏ కొట్టుకి వెళ్ళినా తమవాళ్ళు వెనక తలుపులోంచే వెళ్ళాల్సిన రోజులవి. ఈరోజు ఆ ఊళ్ళో వెనక తలుపంటే ఏమిటో పిల్లలకి తెలియదంటే అది ఆయన చలవే. అది ఆమె కాదనదు. ఆసుపత్రి మెట్ల మీద లాఠీలు విరిగేలా కొడుతుంటే ఆయన చెయ్యి అడ్డం పెట్టుకోకుండా కూర్చోవడం ఆమె చూసింది. ఆ వీపుకి నెల్లాళ్ళు కాపడం పెట్టింది. ఆయన అబద్ధం కాదు. ఆయన మంచితనమూ అబద్ధం కాదు. ఆమె బాధంతా అక్కడే ఉంది.

నాలుగు దీక్షలు ఓడిపోయాయి. వాటి పక్కన కార్యదర్శి 'పాక్షిక విజయం' అని రాశాడు.

"ఇందులో ఒకటి తక్కువుంది" అంది ఆమె.

"లేదు వదినా, పేపర్లన్నీ తిరగేసి మరీ రాశాను."

"పేపర్లో పడలేదు. కలం ఇలా ఇవ్వు."

ఆమెకి ఇరవై ఆరేళ్ళప్పుడు ఊళ్ళోని పెద్ద బడిలో టీచరుద్యోగం వచ్చింది. తమవాళ్ళలో ఆ బడిలోకి పాఠం చెప్పడానికి అడుగుపెట్టబోయే మొదటి మనిషి. వాళ్ళ నాన్నకి సంతకం కూడా రాదు. ఆమె చదువుకోసం ఆయన చేసిన చాకిరీకి చేతులు కాయలు కాచి ఉండేవి. నియామకపు ఉత్తరం చూసి, తలకిందులుగా పట్టుకుని కూడా, కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు. అత్తగారు మాత్రం, "నువ్వు బడికి పోతే ఇంటికొచ్చే ముప్పైమందికి ఎవరమ్మా వండి పెట్టేది?" అంది. భర్త అలాంటి మాట అనడు. "మనం ఎవరితో పోరాడుతున్నామో వాళ్ళ దగ్గరే నా భార్య కొలువు చేస్తే నా నోరు లేస్తుందా? నిన్ను వద్దనే హక్కు నాకు లేదు. నా అంతరాత్మకి నేను శిక్ష వేసుకుంటాను" అని వసారాలో చాప వేసుకుని కూర్చున్నాడు. అదే చాప, అదే చిరునవ్వు, అదే కుండలో నీళ్ళు.

ఆ మూడు రోజులూ ఇంట్లో ఎవరూ ఆమెని ఒక్క మాట అనలేదు. కార్యకర్తలు మునివేళ్ళ మీద నడిచారు. ఆమె వడ్డిస్తుంటే తలొంచుకుని తిన్నారు. అత్తగారు కొడుకు కాళ్ళు ఒత్తుతూ, ఆమెకి వినబడేలా, "ఉద్యోగాలు మళ్ళీ వస్తాయి, ప్రాణాలొస్తాయా" అని గోడతో చెప్పుకుంది. మూడో రోజు ఆయన పెదాలు పగిలి నెత్తురు కారింది. దగ్గరికి వెళ్తే, "నీ మీద నాకు కోపం లేదు. నీ మనసు మారేదాకా ఎదురుచూస్తాను, అంతే" అన్నాడు. అరిచినా బాగుండేది. ఆమె లోపలికెళ్ళి, సొంత కారణాల వల్ల ఉద్యోగంలో చేరలేనని రాసి తెచ్చింది. ఆయన చదివి, మొదట్లో 'వినయపూర్వకంగా' అన్న మాట చేర్పించాడు. నిమ్మకాయ పిండింది ఆమే. తాగించింది ఆమే. "ఇది నా గెలుపు కాదు, నీ మంచితనం గెలిచింది" అన్నాడాయన. అందరూ చప్పట్లు కొట్టారు. ఆ మూడు రోజులూ ఆమె కూడా ముద్ద ముట్టలేదు. దాన్ని దీక్ష అని ఎవరూ అనలేదు. ఆమెకీ తోచలేదు.

పదకొండో వరస కింద ఆమె టీచరమ్మ రాసినట్టే గుండ్రంగా రాసింది. మూడు రోజులు. ఈ ఇంటి వసారా. డిమాండు: భార్య ఉద్యోగం మానుకోవడం. ఫలితం: సంపూర్ణ విజయం. నిమ్మరసం ఇచ్చినవారు: భార్య.

కార్యదర్శి చదివి కుర్చీలో కూలబడ్డాడు.

"ఇది ఇంటి విషయం వదినా."

"మరి ఆ గోడ ఎవరింటిది నాయనా?"

"అది కాదు... సార్ మిమ్మల్ని ఏనాడైనా చెయ్యెత్తి ఒక్క దెబ్బ కొట్టారా? ఒక్క మాట తూలారా?"

"మా అమ్మాయీ అదే అడుగుతుంది. కొట్టుంటే పక్కింటివాళ్ళన్నా నా వైపు వచ్చేవాళ్ళు. తిండి మానేసినవాడి చుట్టూ ఊరంతా చేరుతుంది. వాడి పెళ్ళాం పక్కన ఎవరు నిలబడతారు? నువ్వు నిలబడ్డావా? అప్పటికి పాతికేళ్ళవాడివి, లా చదివినవాడివి. గ్లాసు కడిగి తెచ్చింది నువ్వే."

ఆయన కళ్ళద్దాలు తీసి చొక్కా అంచుతో తుడుచుకున్నాడు.

"ఓసారి ఆయన పదిహేడు రోజులు కూర్చున్నా అధికారులు కదల్లేదు, గుర్తుందా?" అంది ఆమె, ఈసారి కొంచెం మెల్లగా. "వాళ్ళిళ్ళకి పోయి, తిని పడుకున్నారు. వాళ్ళకి ఆయన పెదాలతో పనేముంది? ఆ పెదాలు చూసి తట్టుకోలేనిదాన్ని నేను. నా మీద గెలవడానికి మూడు రోజులు ఎక్కువే."

ముందు గదిలోంచి పెయింటరు కేకేశాడు. "అయ్యగారూ, గళ్ళు కొట్టాలి. పదకొండా, పన్నెండా?"

"ఆగవయ్యా!" అని గొంతు తగ్గించాడు కార్యదర్శి. "వదినా, మీకు దణ్ణం పెడతాను. ఎక్కడెక్కడినుంచో పిల్లలొస్తారు. వాళ్ళకి సార్ దేవుడు. కావాలంటే ఇంకోచోట రాసుకోండి, పుస్తకం వేయిద్దాం. సంతకం లేకపోతే కమిటీవాళ్ళు ఊరుకోరు. ఈ వెనక గది సంగతి కూడా లేవదీస్తారు. నేను ఎంతమందికని సర్దిచెప్పను?"

ఇన్నాళ్ళూ నెలకోసారి విన్న మాటకి అర్థం ఇవాళ విప్పి చెప్పాడు. ఆమెకి భయం వేసింది. డెబ్భై రెండేళ్ళు. కూతురిది రెండు గదుల ఇల్లు, అల్లుడి ముఖం ఆమెకి తెలుసు. కలం మూత పెట్టి ఆయన జేబులో తగిలించింది.

"ఈ వరస గోడ మీద ఉంటేనే పెడతాను."

"లేకపోతే ఏం చేస్తారు వదినా? మీరూ దీక్షకి కూర్చుంటారా ఏంటి?" అని నవ్వబోయాడు.

"ఎందుకు కూర్చుంటాను? వేళకి తింటాను. రాత్రి నిద్రపోతాను. మీరు పొమ్మనేదాకా ఇక్కడే ఉంటాను. అన్నీ చేస్తాను, సంతకం మాత్రం పెట్టను. నా ఆకలితో ఎవర్నీ బెదిరించను నాయనా. అది ఎలా ఉంటుందో నాకు తెలుసు."

ఆమె పళ్ళెం తీసుకుని, ఆయన చూస్తుండగానే, వడ్డించుకుని తినసాగింది. కడుపు నిండాక కూడా ఇంకో గరిటె వేసుకుంది.