గాలి గొట్టంలో అమ్మ ఊపిరి

ఏ ఇంటికి వెళ్లినా మెకానిక్ మొదట మెయిన్ స్విచ్ కట్టేస్తాడు. తరవాత, వేసవిలో చల్లగాలినీ చలికాలంలో వేడిగాలినీ గదులకు పంపే యంత్రం రేకు తలుపు విప్పి, లోపలి కాయిల్‌ను టార్చి వేసి చూస్తాడు. ఈ ఇంటికి మూడు నెలల్లో ఇది నాలుగో రాక. ఎన్నిసార్లు కడిగినా కాయిల్ మీద నల్లబూజు పేరుకుంటూనే ఉంది. కారణం అందరికీ తెలిసిందే: నిరుడు పోయిన ఇల్లాలి ఊపిరి గొట్టాల్లో తిరుగుతోంది, ఆ తడికి కాయిల్ ఆరడం లేదు. స్విచ్ కట్టేసి ఉన్నా ఆ ఊపిరి వెచ్చగా అతని మణికట్టుకు తగిలింది.

ఆమె ఆరేళ్ల కూతురు గాలి దిగే జాలీ కిందే పడుకుంటుంది, ఇంకెక్కడా నిద్రపోదు. ఆ బూజు గాలికి దగ్గి దగ్గి పిల్ల పెదవులు నీలమవుతున్నాయి. మరోసారి ఊపిరితిత్తులు పట్టేస్తే తన చేతిలో ఏమీ ఉండదని డాక్టరు తేల్చి చెప్పాడు.

“ఆ అల్ట్రావయొలెట్ లైటు పెట్టేయండి,” అన్నాడు పిల్ల తండ్రి, గోడవైపు చూస్తూ. “బూజు చస్తుందిగా?”

“చస్తుంది సార్. దాంతోపాటు...”

“తెలుసు.” అతను పిల్ల గదిలోకి వెళ్లిపోయాడు.

పిల్ల అమ్మమ్మ మెకానిక్ దగ్గరికి జరిగింది. “నాయనా, వెలుగుతూ ఏమీ చెయ్యని లైటు ఉండదా?”

ఉంటుంది. ఏడాది వాడిన ట్యూబు నీలంగా వెలుగుతూనే ఉంటుంది, చంపే సత్తువ మాత్రం పోతుంది. పొద్దున మరో ఇంట్లో తీసేసిన అలాంటి పాతది అతని సంచిలోనే ఉంది.

“మరి పిల్ల సంగతో, అమ్మా?”

“దానికి మందులున్నాయి, తండ్రి ఉన్నాడు. నా కూతురికి ఎవరున్నారు? బతికుండగా దాని నోటికి తాళం పడేది కాదు. ఇప్పుడు ఉస్సుమనడమే. అదీ వద్దంటే ఎలా?”

జాలి ఒక్కోసారి వివేకం కన్నా ముందే చేతుల్లోకి దిగుతుంది. తప్పని తెలిసే పాత ట్యూబు బిగించి, తలుపు మూసి స్విచ్ వేశాడు. తలుపులోని చిన్న అద్దంలో నీలికాంతి క్షణం నిలిచి ఆరిపోయింది. తెరిస్తే ట్యూబు నిండా ఆవిరి. తుడిచి పెట్టాడు, మళ్లీ ఆవిరి, మళ్లీ చీకటి. మూడోసారి తలుపు తీయగానే ఊపిరి విసురుగా వచ్చి ట్యూబును ఊడదీసింది. అది నేలమీద పడి భళ్లుమంది.

అమ్మమ్మ గాజుముక్కల వంక చూసింది.

“మొండిఘటం. చిన్నప్పుడూ ఇంతే, నా మాట ఎప్పుడు విన్నది గనక!”

కొత్త ట్యూబును సంచిలోంచి తానే తీసి అందించింది. “కానివ్వు నాయనా.”

ఈసారి ఆవిరి పట్టలేదు. నీలికాంతి నిలిచింది. గొట్టంలో ఒక పొడుగాటి నిట్టూర్పు వినిపించింది. ఆపైన యంత్రం చప్పుడే మిగిలింది.

పదిరోజులకు తనిఖీకి వచ్చేసరికి కాయిల్ పొడిగా, శుభ్రంగా మెరుస్తోంది. లోపల పిల్ల జాలీ వైపు చేతులు చాచి, అమ్మ కావాలని గుక్కపట్టి ఏడుస్తోంది. తండ్రీ అమ్మమ్మా చెరోపక్క కూర్చుని, ఊరుకోబెట్టకుండా వింటున్నారు. ఆ ఏడుపు చాలాసేపు సాగింది. మధ్యలో ఒక్కసారి కూడా దగ్గు రాలేదు.