ఐదు గీతల ముందు మెలిక

నేను ఒక యూఫోనియాన్ని. నోరు తిరక్కపోతే పెద్ద బాకా అనుకోండి, నాకేం అభ్యంతరం లేదు. పెళ్ళి ఊరేగింపులో జనరేటర్ బండి ముందు పొట్టేసుకుని బుంబుమంటూ నడిచేదాన్ని నేనే. మీరట్‌లో ఇత్తడి రేకును సుత్తులతో బాది నన్ను చేశారు. ఆ దెబ్బల చలవేమో, నాకు నిలకడ లేదు. గోడకు తగిలిస్తే ప్రాణం ఉసూరుమంటుంది.

మొదట బాపట్ల పక్కన ఒక మిషన్ బడి బ్యాండులో చేరాను. అక్కడొక పద్ధతి ఉండేది. బాకా పెద్దదైనా చిన్నదైనా అందరి పాట కాగితాల్లోనూ, స్వరాలు రాసే ఐదు గీతల మొదట్లో ఒకే గుర్తు, పాము చుట్టలాంటి మెలిక. ఏ గీత మీది స్వరానికి ఏ మీట నొక్కాలో అందరికీ ఒక్కటే. ఒకడికి జ్వరమొస్తే వాడి బాకా ఇంకొకడు అందుకునేవాడు. తెలివైన ఏర్పాటే, కాదనను.

ఆ బ్యాండు మూతపడ్డాక, అక్కడే నేర్చుకున్న దేవవరం నన్ను పెళ్ళిళ్ళకు తిప్పాడు. ముందు పళ్ళు ఊడేదాకా ఊదాడు. పళ్ళు లేని నోటికి నేను పలకను. ఇల్లు గడవాలి కదా, కూతురు సలోమి నన్నెత్తుకుంది. ఆడపిల్ల బాకా ఊదడమేంటని ముక్కున వేలేసుకున్నవాళ్ళే డాన్సు ఆపి మరీ చూశారు. నాకు ఒళ్ళు పొంగిపోయింది.

ఆ మిషన్ బడి కాగితాలే ముందుంచి, పాట చదవడం తండ్రే నేర్పాడు. ఒకరోజు సలోమి అడిగింది.

"నాన్నా, గీతల ముందు ఈ మెలికేంటి?"

"శుభలేఖ మీద శ్రీకారం లాంటిదే. దాంతో నీకేం పని? గీతల మీది స్వరాల బుడిపెలు చూసి వాయించు."

ఆయన అబద్ధం చెప్పలేదు, ఆయనకు తెలిసింది అంతే. రోజూ కళ్ళెదుట ఉండేదాన్ని మనుషులు చూడరు, అదేం జబ్బో.

పోలీసు బ్యాండులో ఖాళీలు పడ్డాయి. నెల నెలా జీతం, ఒంటి మీద యూనిఫాం. రాత్రుళ్ళు తాగినవాళ్ళ మధ్య ఊదుకుంటూ నడవక్కర్లేదు. ఆ ఉద్యోగం వస్తేనే ఆ ఇంట్లో పొయ్యి నిశ్చింతగా వెలుగుతుంది. తండ్రీకూతుళ్ళు నన్ను చింతపండుతో తోమి, బస్సెక్కించి తీసుకెళ్ళారు.

పరీక్షలో బ్యాండు మాస్టరు కొత్త కాగితం ముందు పెట్టాడు. సలోమి మొదలెట్టింది. మొదటి స్వరానికే నాకు ఒళ్ళు జలదరించింది. మీటలు చకచకా పడుతున్నాయి, తడబాటు లేదు, కానీ వచ్చేది రాగమా రంపపు కోతా? కాగితం మీద మెలిక ఉండాల్సిన చోట చెవిలాంటి ఒంపు, పక్కనే రెండు చుక్కలు. ఆగవే పిల్లా, మొదట్లో చూడవే, అని నేను మొత్తుకున్నాను. నా మాట ఎవరికి వినబడుతుంది? గుమ్మం బయట దేవవరం తల పట్టుకున్నాడు.

మాస్టరు చెయ్యెత్తి ఆపాడు.

"అమ్మా, గుర్తు చూడకుండా వాయిస్తున్నావు. మీ బ్యాండులో అందరికీ ఒకటే గుర్తా?"

"అవునండి."

"ఇది వేరు. గుర్తు మారితే గీతల మీది స్వరాలన్నీ మారిపోతాయి. ఈ రెండు చుక్కల మధ్య గీత ఉంది చూడు, దాని స్వరం ఇది." తన బాకా మీద ఒక్క స్వరం నిలిపి వినిపించాడు. "మిగతావి నువ్వే వెతుక్కో. టైమిస్తాను."

సలోమి కళ్ళు తుడుచుకుంది. ఏ మీటా నొక్కకుండా ఊదింది. అదే స్వరం. అక్కణ్ణుంచి గీతా సందూ, గీతా సందూ అని వేలితో పైకెక్కింది, కిందికి దిగింది. ఆమె నుదుటి చెమట నా మీద పడుతోంది. నాకేమో ఆత్రం, తొందరగా కానీవే అని. చివరికి గుండెనిండా గాలి పీల్చుకుని మళ్ళీ అందుకుంది. రెండుచోట్ల తడబడింది, ఒకచోట ఆగింది. కానీ ఈసారి వచ్చింది రాగమే.

మాస్టరు కాగితం మడిచాడు. నన్ను ఎగాదిగా చూశాడు.

"మా దగ్గర కొత్తవి ఉన్నాయమ్మా. ఆ పాతదాన్ని మీ నాన్నతో ఇంటికి పంపించెయ్."

ఉద్యోగం వచ్చిందని సలోమికి అప్పుడు తెలిసింది. నాకూ అప్పుడే తెలిసింది.

తిరుగు బస్సులో దేవవరం నన్ను ఒళ్ళో పెట్టుకున్నాడు. ఏడుస్తున్నాడో నవ్వుతున్నాడో తెలియదు, వేళ్ళు మాత్రం నా మీటల మీద ఆడుతున్నాయి. ఊదవయ్యా మహానుభావా, పళ్ళు లేకపోతేనేం, గాలైనా ఊదు, అన్నాను. ఆయన వంగి, నా మూతి మీద పెదాలు ఆనించి, ఊరొచ్చేదాకా అలాగే కూర్చున్నాడు.